తొందరపడ్డ సాక్ష్యం

ముమ్మిడివరం,
9 జూలై 2025.

తమ్ముడు ఇస్సాకుకి అక్క మార్తమ్మ వందనాలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం కులాసా. కంగారుపడాల్సిన సంగతి కింద రాస్తున్నాను, అది చదివి పడు.

మొన్న ఆదివారం నువ్వొచ్చినప్పుడు, నీ ఫోనులో చార్జింగ్ అయిపోయిందని నా ఫోను పుచ్చుకుని పెరట్లోకి వెళ్ళావు. మీ హెడ్మాస్టారితో ఏదో మాట్లాడాలన్నావు. నేను నీకోసం రొయ్యలు వేయిస్తూ, లెక్కల మేష్టారంటే ఎంత గిరాకీయో, ఆదివారం కూడా వదలరు అని మురిసిపోయాను. మర్నాటి నుంచి నా ఫోనుకి ఒకటే మెసేజీలు. ‘ఇస్సాకు గారూ, మీ టేబుల్ ఖాళీగా ఉంది.’ ‘ఇస్సాకు గారూ, మీ బోనస్‌కి ఇవాళే ఆఖరు.’ ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రుల్లో నర్సుగా చేసినదాన్ని. ఆ టేబుల్ భోజనాల బల్ల కాదని నాకు తెలుసు.

మే నెలలో మా చర్చిలో, ఉపవాస కూడికలో నిలబడి, ఫోను రమ్మీ నుంచి ప్రభువు నన్ను విడిపించాడని సాక్ష్యం చెప్పావు. రెండు వందల మంది స్తోత్రం అన్నారు. నీ భార్య రెండో వరసలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రెండు నెలలన్నా కాలేదు కదరా.

ఇక నాకు ఫోను చెయ్యకు. చేసినా ఎత్తను. ఫోనులో నువ్వు ‘ఆయ్ అక్కా, ఆయ్ అక్కా’ అంటే నేను కరిగిపోతాను, అది నీకూ తెలుసు. కాగితం మీద రాయి. చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధం రాస్తే అక్షరాలు గుండ్రంగా వస్తాయి.

లిడియాకి నేను చెప్పను. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట.

మీ అక్క,
మార్తమ్మ.


రాజోలు,
15 జూలై.

ప్రియమైన అక్కకి ఇస్సాకు వందనాలు.

నీ ఉత్తరం స్కూలు అడ్రసుకి వచ్చింది. మంచిపని చేశావు. ఇంటికి వచ్చి ఉంటే లిడియా చూసేది.

అక్కా, నువ్వు అనుకున్నంత లేదు. ఆ రోజు ఆ ఆట ఇంకా నడుస్తోందా లేదా అని ఊరికే చూశానంతే. మన రాష్ట్రంలో ఎప్పుడో ఆపేశారు కదా. చూద్దామని తెరిస్తే పేరు అడిగింది, పేరు ఇచ్చాను. వాళ్ళు అలా వెంటపడతారని నాకేం తెలుసు? నేను మానేశాను. దేవుడి తోడు, మానేశాను. మేలో చెప్పిన మాట మీదే ఉన్నాను.

లిడియా ఈమధ్య చాలా సంతోషంగా ఉంటోంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇంత ధైర్యంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వెళ్ళి లేనిపోనివి చెప్పి మనసు పాడుచెయ్యడం న్యాయమేనా? నువ్వే ఆలోచించు. మానేసినవాణ్ణి పట్టుకుని మానేశావా అని అడిగితే మానేసినవాడికి ఎలా ఉంటుంది?

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారికి వందనాలు చెప్పు.

నీ తమ్ముడు,
ఇస్సాకు.


ముమ్మిడివరం,
19 జూలై.

ఇస్సాకూ,

నీ ఉత్తరం నీకే తిరిగి పంపుతున్నాను. ‘మానేశాను’ అన్న చోటల్లా ఎర్ర పెన్నుతో గీత గీశాను. నువ్వు పిల్లల పేపర్లు దిద్దేవాడివి కదా, ఎన్ని గీతలున్నాయో చూసుకుని మార్కులు నువ్వే వేసుకో. అక్షరాలు మాత్రం ముత్యాల్లా గుండ్రంగా ఉన్నాయి.

వార్డులో పేషెంట్లు ఇంటికెళ్ళాలని ఉంటే పొద్దున్నే లేచి తల దువ్వుకుని ‘జ్వరం తగ్గిపోయిందండి సిస్టర్’ అనేవారు. ఆయ్ అలాగేనండి అంటూనే నోట్లో థర్మామీటరు పెట్టేదాన్ని.

నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? నోరు తెరిచి నిజం చెప్పు.

మార్తమ్మ.


రాజోలు,
11 ఆగస్టు.

అక్కా,

మూడు వారాలు నీకు రాయలేదు. ఎర్ర గీతలు ఉన్న కాగితం లెక్కల పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. ఇవాళ రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను, ఆగితే మళ్ళీ రాయలేను.

మానలేదు. మే నెలలోనూ మానలేదు. సాక్ష్యం చెప్పిన రోజు మధ్యాహ్నమే ఆడాను. కూడిక అయ్యాక పాకలో అందరికీ పులిహోర వడ్డిస్తుంటే, చర్చి వెనక చేతులు కడుక్కునే చోట నిలబడి ఆడాను. ఎవరో వచ్చి ‘మీ సాక్ష్యం మమ్మల్ని బలపరిచిందండి బ్రదర్’ అన్నారు. ఫోను జేబులో వేసుకుని ‘ఆయ్, మహిమంతా ప్రభువుదేనండి’ అన్నాను. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ తీశాను.

మూడేళ్ళ కిందట గోదారి పొంగి స్కూళ్ళు మూసినప్పుడు, తోచక మొదలుపెట్టిన ఆట ఇది. ఇక్కడ ఆపితే ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే కిటుకు ఒకటుంది, అది నేర్చుకున్నాను. పదో తరగతికి సంభావ్యత పాఠం చెప్పేది నేనే. ‘పాచికకి జ్ఞాపకం ఉండదర్రా, వెనకేం పడిందో దానికి తెలీదు’ అని పిల్లలకి చెప్పి, స్టాఫ్ రూములోకి వచ్చి, నాలుగు ఆటలు పోయాయి కాబట్టి ఈసారి నాదే అని కూర్చునేవాణ్ణి. సిగ్గుగా ఉంది. డబ్బు సంగతి నీ ఎదుట కూర్చుని చెబుతాను. ఒక్కటి మాత్రం రాస్తాను. లిడియా గొలుసు బ్యాంకు లాకర్లో ఉందని ఆమె అనుకుంటోంది. అక్కడ లేదు.

ఇంత ఒప్పుకున్నాక నిన్నూ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏప్రిల్ ఆఖరున నీ వంటింట్లో కూర్చుని ఈ సంగతి మొదట చెప్పుకున్నది నీకే. వారం నుంచి ఆడలేదు అన్నాను. వారమే అన్నాను. నువ్వు పొయ్యి కూడా ఆపకుండా పాస్టరుగారికి ఫోను చేశావు. ‘రెణ్ణెల్లు ఆగుదాం అక్కా’ అన్నాను. ‘నోటితో ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టేరా, విశ్వాసంతో చెప్పెయ్యి’ అన్నావు. సాక్ష్యం రోజున నువ్వు కొత్త చీర కట్టుకున్నావు.

అంతమంది స్తోత్రం అన్నాక, ఇంకా ఆడుతున్నానని ఎవరితో చెప్పను? లిడియాతో ఎలా చెప్పను?

ఇస్సాకు.


ముమ్మిడివరం,
18 ఆగస్టు.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. ఎంత ధైర్యం వీడికి, చేసిందంతా చేసి నన్నంటాడా అనుకున్నాను. నాలుగో రోజు ఇస్త్రీకి బట్టలు తీస్తుంటే ఆ చీర కనిపించింది. కూర్చుండిపోయాను.

నువ్వు రాసింది నిజం. మూడు రోజులు వరసగా జ్వరం లేకపోతే గాని పేషెంటుని ఇంటికి పంపనిచ్చేదాన్ని కాదు, డాక్టర్లతో పోట్లాడేదాన్ని. సొంత తమ్ముణ్ణి మాత్రం వారానికే డిశ్చార్జి చేసి బ్యాండుమేళంతో ఊరేగించాను. మార్తమ్మగారి ప్రార్థన అంటే అలాంటిదండీ అని నలుగురూ అంటే వినాలని ఉండేది నాకు. విన్నాను కూడా. నాలుగు వారాలు ఆ మాటలతోనే కడుపు నిండింది. నన్ను క్షమించు.

ఇంకోటి ఉంది, ఇది నీకు తెలియదు. ఆ రోజు కూడిక అయ్యాక లిడియా నన్ను పక్కకి పిలిచి, ‘వదినగారూ, నిజంగానేనాండీ? మీరు చెబితే నమ్ముతాను’ అంది. దానికి అనుమానం వచ్చి, నా దగ్గరికి తెచ్చింది. నేను ‘నాదీ పూచీ’ అన్నాను. కాబట్టి లిడియాని మోసం చేసింది నువ్వొక్కడివే కాదు.

ఇప్పుడు పని మాట. నాతో పనిచేసిన పెద్ద డాక్టరుగారికి ఫోను చేశాను, నీ పేరు చెప్పలేదు. ఇది తప్పుడు బుద్ధి అనుకుని వదిలేసేది కాదు, జబ్బు, వైద్యం ఉంది అన్నారు. అమలాపురంలో మానసిక వైద్యుడి పేరు ఒకటి ఇచ్చారు. జూదం నుంచి బయటపడాలనుకునేవాళ్ళు శనివారం మూడింటికి ఒక కొబ్బరి కొట్టు మేడమీద కలుస్తారట. వెనక కాగితంలో రెండు చోట్లకీ దారి రాశాను. రెండింటికీ వెళ్ళు. నేను తోడు రాను. వస్తే మళ్ళీ నీ తరఫున నేనే మాట్లాడేస్తాను.

మార్తమ్మ.


రాజోలు,
8 సెప్టెంబరు.

అక్కా,

వెళ్ళాను. డాక్టరుగారు ఓపిగ్గా విన్నారు, నెలకి రెండుసార్లు రమ్మన్నారు. తర్వాత ఆ కొట్టు. కింద కొబ్బరికాయల రాశులు, పైన ఒక గది, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. రెండు శనివారాలు అయ్యాయి.

మొదటి వారం మెట్ల దగ్గర నుంచే వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. కొట్టు యజమాని సత్యదుర్గారావు గారు గుమ్మంలోనే ఉన్నారు. అరవై ఏళ్ళుంటాయి. నన్ను చూసి ‘పైకేనాండీ? రండి, మెట్లు జాగర్త, మూడోది కదులుద్ది’ అన్నారు. నేనెవరో, ఎందుకొచ్చానో అడగలేదు. క్రికెట్ పందేల్లో రెండు ఎకరాల తోట పోగొట్టుకున్న మనిషి. ఆ గదిని ఆయనే ఇచ్చారు.

అక్కడ పాటలు లేవు, ప్రసంగం లేదు. రిటైరైన బస్సు కండక్టరు పాపారావు గారు ముందు లేచారు. ‘నా పేరు పాపారావండి. నేను ఆడే మనిషినండి. ఇవాళ ఆడలేదండి’ అన్నారు, కూర్చున్నారు. మనవాళ్ళయితే చప్పట్లు మోగిపోయేవి. అక్కడ అందరూ ‘ఆయ్’ అన్నారంతే. నా వంతు వచ్చింది. ‘నేను మేలో మానేశానని చర్చిలో...’ అని మొదలుపెట్టాను. ఆ ముక్కనే రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి జరిగిందంతా చెప్పాను.

సత్యదుర్గారావు గారు విని, ‘మేష్టారూ, కురిడీ ఎలా తయారవుద్దో ఎప్పుడైనా చూసేరా? కాయని అటకెక్కించి ఏడాది ముట్టుకోవండి. లోపల నీళ్ళన్నీ ఇంకి, కొబ్బరి ఎండి, చిప్పని దానంతటదే వదులుద్ది. ఆగలేక రెండో నెల్లో కొట్టి చూసేరనుకోండి, అది కూరకీ పనికిరాదు, కురిడీకీ పనికిరాదు. మిమ్మల్ని అలా కొట్టేసేరండి’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. ఈ సంగతి మీద నేను నవ్వడం అదే మొదటిసారి.

పెద్ద ఫోను ఆ మేడమీద వాళ్ళ దగ్గర పెట్టేశాను. మీటలు నొక్కే చిన్న ఫోను కొన్నాను. జీతం కార్డు లిడియాకి ఇచ్చాను, ఇంటి ఖర్చు నువ్వే చూసుకో అని. అసలు కారణం చెప్పలేదు. ఆ ఆటలన్నీ దేశమంతా మూయిస్తూ చట్టం వచ్చిందని పేపర్లో చూసి నువ్వు సంబరపడి ఉంటావు. దొడ్డిదారులు ఇంకా ఉన్నాయి. నాకు తెలుసు కాబట్టే రాస్తున్నాను.

ఆగస్టు ముప్ఫై ఒకటి నుంచి ఆడలేదు. ఇవాళ కూడా.

ఇస్సాకు.


ముమ్మిడివరం,
6 అక్టోబరు.

ఇస్సాకూ,

నీ పోయిన ఉత్తరంలో అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. సంతోషం.

ఈ కవర్లో ఒక పాంప్లెట్ పెట్టాను, చూడు. మీ రాజోలు సువార్త కన్వెన్షన్‌ది. నవంబరు ఇరవై ఒకటి నుంచి మూడు రోజులు. మా చర్చిలో కూడా పంచారు. నాలుగో లైను చదువు. ‘జూద బంధకముల నుండి సంపూర్ణ విడుదల పొందిన సహోదరుడు ఇస్సాకు గారి జీవిత సాక్ష్యము.’ పక్కన నీ ఫోటో. నీ పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, భుజం మీద లిడియా దండ కనిపిస్తోంది.

ఇది నువ్వు ఒప్పుకున్నావా? ఒప్పుకుంటే ఎందుకు ఒప్పుకున్నావు? నాకేం పాలుపోవడం లేదు. వెంటనే బస్సెక్కి వచ్చి కమిటీవాళ్ళతో మాట్లాడేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పేశాను. నా తొందరతో ఒకసారి నీ కొంప ముంచాను, చాలు.

ఇక లిడియాతో ఆలస్యం చెయ్యకు. ఆ మైకు ముందు నువ్వు నిలబడ్డాక తెలిస్తే నిన్ను అది ఈ జన్మలో నమ్మదు. నేనయినా నమ్మను.

అక్క.


రాజోలు,
20 అక్టోబరు.

అక్కా,

ఒప్పుకున్నది నేను కాదు, లిడియా. కమిటీ పెద్ద జాన్ గారు నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇంటికి వచ్చి అడిగారట. ‘ఆయన తప్పకుండా చెబుతారండి’ అని పొంగిపోయి ఫోటో కూడా ఇచ్చింది. నీ కవరు వచ్చిన రోజు సాయంత్రం తనే నాకు పాంప్లెట్ చూపించింది. వాళ్ళమ్మగారికి ఆత్రేయపురం పంపడానికి పది అట్టేపెట్టుకుంది.

మర్నాడు, శుక్రవారం పదో తారీఖున, మధ్యాహ్నం భోజనాల వేళ డ్రిల్లు మేష్టారు ఉదయ్ ఫోను అడిగి తీసుకున్నాను. ఆడాను. నలభై రోజులు పోయాయి. బెల్లు కొట్టినా వినబడలేదు, పిల్లలు వచ్చి పిలిచారు.

ఆ మర్నాడు శనివారమే అమలాపురం వెళ్ళి మేడమీద చెప్పాను. ఎవరూ అయ్యో అనలేదు. పాపారావు గారు ‘నాకు నాలుగుసార్లు పోయేయండి. మళ్ళీ ఒకటి నుంచి లెక్కెట్టుకోండి, మీరు లెక్కల మేష్టారే కదా’ అన్నారు. తర్వాతి శనివారం, అంటే మొన్న, ఇంటికెళ్ళి లిడియాకి చెప్పేస్తానన్నాను. సత్యదుర్గారావు గారు కొట్టు మూసి నాతో బస్సెక్కారు. ‘లోపలికి రానండి. మీ వీధి చివర టీ కొట్టుంది కదా, అక్కడ కూచుంటాను. చెప్పి రండి. చెప్పలేక బయటికొచ్చేస్తే నేను కనపడతాను, మళ్ళీ లోపలికెళ్తారు’ అన్నారు.

ఒకసారి బయటికి వచ్చాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని నాకేసి చూశారు. మళ్ళీ లోపలికి వెళ్ళాను.

అంతా చెప్పాను. గొలుసు సంగతీ చెప్పాను. లిడియా ఏడవలేదు. ‘ఆ రోజు కూడానా?’ అంది. మే నెల సంగతి అడుగుతోందని అర్థమైంది. అవునన్నాను. ‘నేను కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు మీరు ఎప్పుడెప్పుడు బయటికెళ్దామా అని చూస్తున్నారన్నమాట’ అంది. తర్వాత కిటికీలోంచి చూసి, ‘ఆ టీ కొట్టు దగ్గర పెద్దాయన ఎవరు? ఇటే చూస్తున్నారు’ అంది. చెప్పాను. ‘ఇంతసేపు వీధిలో కూచోబెట్టేరా? లోపలికి రమ్మనండి’ అంది.

ఆయనకి మంచినీళ్ళు ఇచ్చి, ‘మీరు మానేసి ఎన్నాళ్ళయిందండి?’ అని అడిగింది. ‘ఇవాళ ఆడలేదమ్మా’ అన్నారాయన. ‘ఎన్నాళ్ళయిందని అడిగేనండి’ అంది. ‘నాలుగేళ్ళ నించీ ఇవాళ ఆడలేదమ్మా’ అన్నారు. లిడియా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నిన్న నీ ఉత్తరాలన్నీ అడిగింది. ఇచ్చాను. అన్నీ చదివింది. ‘నాదీ పూచీ’ అని నువ్వు రాసిన కాగితం దగ్గర ఆగి, ‘ఇద్దరూ కలిసేనా’ అంది. నీ మీద చాలా కోపంగా ఉంది అక్కా. నా మీద కన్నా ఎక్కువగా ఉంది.

పదకొండో తారీఖు నుంచి లెక్క. పదో రోజు.

ఇస్సాకు.


ముమ్మిడివరం,
27 అక్టోబరు.

తమ్ముడూ,

దాని కోపం న్యాయమైనది. నువ్వు మధ్యలో సర్దిచెప్పకు. దానికి విడిగా ఉత్తరం రాశాను, నాలుగే లైన్లు, తప్పు నాదని. జవాబు ఇమ్మని అడగలేదు.

చేజారిన రోజుల గురించి దిగులు పడకు. అడుగు జారినవాడు లేచి నడవాలి గాని, జారిన చోటే కూర్చుని ఏడిస్తే బురద ఆరదు. నువ్వు లేచావు. నాకు గర్వంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పుకోను, కొత్త చీర కట్టుకోను.

కన్వెన్షన్ సంగతి నీ చేతిలో ఉంది. ఇక్కడి సంగతి మాత్రం నేను చూసుకోవాలి. మేలో తొందరపెట్టి నీచేత ఆ మాట అనిపించింది నేనేనని మా చర్చిలో అందరి ముందూ చెప్పాలనుకుంటున్నాను. చెబితే నీ సంగతీ బయటపడుతుంది. నీకూ లిడియాకీ ఇష్టమైతేనే చెబుతాను. వద్దంటే నోరెత్తను. ఈసారి అడుగుతున్నాను చూశావా?

అక్క.


రాజోలు,
24 నవంబరు.

అక్కా,

నీ ఉత్తరం లిడియాకి చదివి వినిపించాను. ‘చెప్పుకోమనండి’ అంది. నాకూ అభ్యంతరం లేదు.

కన్వెన్షన్ నిన్నటితో అయిపోయింది. నేను వేదిక ఎక్కలేదు. పది రోజుల ముందే జాన్ గారింటికి వెళ్ళాను. నా సంగతి నీకు తెలుసు, పెద్దవాళ్ళు ఏదడిగినా నా నోటికి ‘ఆయ్’ తప్ప ఇంకోటి రాదు. ఈ వైపు పుట్టినవాళ్ళం, కాదనడం మనకి ఎవరూ నేర్పలేదు. ఆయన కాఫీ ఇప్పించారు. నేను మే నెలలో చెప్పింది నిజం కాదని, ఇంకా వైద్యంలో ఉన్నానని చెప్పాను. ఆయన ‘పాంప్లెట్లు పంచేసేం కదా బ్రదర్. పోనీ రెండు ముక్కలు విశ్వాసంతో చెప్పేయండి. మిగతాది ప్రభువు చూసుకుంటాడు’ అన్నారు.

‘చెప్పనండి’ అన్నాను.

ఆయనకి వినబడలేదనుకుంటా, ‘ఆయ్?’ అన్నారు. ‘చెప్పనండి, జాన్ గారూ. మీరు ఇంకోలా అనుకోవద్దు. మళ్ళీ ఆ మాట చెబితే నేను ఇక బాగుపడనండి’ అన్నాను. బయటికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. కాఫీ తాగడం మర్చిపోయాను.

ఇప్పుడు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కొందరు పలకరించడం మానేశారు. చర్చిలో మా బెంచీలో చోటు బాగా దొరుకుతోంది. స్కూల్లో హెడ్మాస్టారికి నేనే చెప్పాను, స్టాఫులో ఎవరూ నాకు ఫోను ఇవ్వొద్దని కూడా చెప్పాను. ఉదయ్ తన ఫోను డెస్కులో పెట్టి తాళం వేసుకుంటున్నాడు. మొదట్లో గుచ్చుకునేది. ఇప్పుడు వాడికి మనసులో దండం పెట్టుకుంటున్నాను.

లిడియా నాకు అన్నం పెడుతోంది. కూర ఎలా ఉందని అడగడం లేదు. జేబులు చూస్తోంది, చూస్తున్నానని చెప్పి మరీ చూస్తోంది. ఉంటుందో వెళ్ళిపోతుందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. ఆమె వెళ్ళిపోయినా మేడమీదకి వెళ్ళడం మాత్రం మాననని నిశ్చయించుకున్నాను. ఆ మాట ఆమెతోనే అన్నాను. ‘వెళ్ళండి’ అంది.

నలభై అయిదో రోజు.

ఇస్సాకు.


రాజోలు,
6 జనవరి 2026.

వదినగారికి లిడియా వందనాలు.

మీరు అక్టోబరులో రాసిన నాలుగు లైన్లకి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఇన్నాళ్ళూ కావాలనే రాయలేదు. మీరు చర్చిలో లేచి నిలబడి, మా తమ్ముణ్ణి తొందరపెట్టింది నేనే, మా మరదలికి లేని పూచీ ఇచ్చింది నేనే అన్నారని తెలిసింది. ఎవరూ స్తోత్రం అనలేదట కదా. ప్రార్థన గుంపుకి పెద్దగా మీ పేరు తీసేశారని కూడా విన్నాను. మీరు ఆ సంగతి ఈయనకి రాయలేదు.

నాకు గొలుసు పోయినందుకు కోపం లేదండి. గొలుసు ఉంటే మెళ్ళో ఉండేది, లేకపోతే లేదు. ఆ రోజు నాకు అనుమానం వచ్చింది చూశారా, అదొక్కటే నాకు మిగిలిన తెలివి. దాన్ని మీ దగ్గరికి తెచ్చుకుంటే మీరు తీసేసుకున్నారు. తర్వాత అయిదు నెలలు ఆయన ముఖం చూస్తూ, ఏదో తేడాగా ఉందనిపించినప్పుడల్లా, నీ విశ్వాసమే తక్కువే లిడియా అని నన్ను నేను తిట్టుకున్నాను. అందుకు కోపం.

కొత్త సంవత్సరం రోజు పొద్దున్న ఆరాధనలో బైబిలు వాక్యాల వాగ్దానం కార్డుల పళ్ళెం వచ్చింది. అందరూ తలా ఒకటి తీసుకుంటున్నారు. ఆయన చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగిపోయింది. ‘నాది నువ్వు తీసిచ్చెయ్యి’ అన్నారు. బోర్లా ఉన్న కార్డుని చూస్తే, అది వాక్యమైనా సరే, మంచిది పడాలని చెయ్యి జిలపెడుతుందట. వెనక బెంచీవాళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇది బుద్ధి కాదు, జబ్బు అని అందరూ చెబితే తలాడించాను గాని, నాకు తెలిసింది ఆ పళ్ళెం దగ్గరే. కార్డు నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఇంకో సంగతి. ఊళ్ళో మమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఈ నెల్లాళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళు మా వెనక గుమ్మంలోకి వచ్చారు. ముందు గుమ్మంలోంచి రాలేదు. ‘ఆ గది ఎక్కడండీ? ఏ వారం?’ అని అడిగి వెళ్ళారు. ఒకరు బుచ్చమ్మగారు, వాళ్ళబ్బాయి కోసం. రెండో ఆవిడ భర్త కోసం. మూడో ఆవిడ పేరు రాయను. ఆ కన్వెన్షన్ పాంప్లెట్లు కట్టలు కట్టిన ఇంటి నుంచే వచ్చారు. చీటీ రాసిచ్చి, మూడో మెట్టు కదులుతుందని చెప్పి పంపాను.

చెప్పాను గాని, నేను ఆ మెట్లు ఎక్కలేదండి ఇంతవరకూ. రెండో శనివారం ఇంట్లోవాళ్ళు కూర్చుంటారట. సత్యదుర్గారావు గారి భార్య రెండుసార్లు కబురు పంపారు. జబ్బు ఆయనది, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను. ఇప్పుడు వెళ్దామని ఉంది. ఒక్కదాన్నీ వెళ్ళలేను. మా అమ్మని తీసుకెళ్తే దారంతా ఏడుస్తుంది. ఆయనని తీసుకెళ్తే నేను నోరు విప్పలేను.

మీరు రావాలి. నా కోపం తగ్గలేదు వదినగారూ, తగ్గినట్టు రాయను. తగ్గాక పిలుద్దామంటే ఎన్నాళ్ళు పడుతుందో నాకే తెలియదు. ఈ పదో తారీఖున మధ్యాహ్నం రెండున్నరకి అమలాపురం బస్టాండులో నిలబడి ఉంటాను. దారిలో నేను మాట్లాడకపోవచ్చు. అయినా నా పక్కనే నడవండి.

లిడియా.